ధర్మవరం బస్సులో నీళ్ల మాత్ర

నవ్వితే నవ్వండి గానీ, మొన్న ధర్మవరం పట్టుచీరల అంగట్లో నా పరువు నిలబడిందంటే అది నా తెలివి గాదు, ఆ దేవుని దయ!

మీకు తెల్సు గదా, ఎండాకాలంలో నా కాళ్లు బూరెలు పొంగినట్ల వాచిపోయినాయి. పండుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటాంటి. గ్యాస్ అనుకోని సోడా మీద సోడా తాగితి. చివరికి మా ఆయన హిందూపురంలో గుండె డాక్టరు దగ్గరికి లాక్కపోయినాడు. ఎకో తీసి, "పంపింగ్ నలభై ఐదు ఉందమ్మా" అన్న్యాడు డాక్టరు.

"నూటికి నలభై ఐదేనా సార్? సగం గూడ లేదే!" అని నేను ఏడుపు మొదలుపెడితి.

"అయ్యో, బాగుండే గుండె కూడా నూటికి నూరు కొట్టదమ్మా. అరవై దగ్గర ఉంటుంది, అంతే. మీది కొంచెం తగ్గింది. మందులు సరిగ్గా వాడండి, ఉప్పు తగ్గించండి. ఈ నీళ్ల మాత్ర ఒంట్లో చేరిన నీరంతా మూత్రంగా బయటికి లాగేస్తుంది. పొద్దున్నే, ఇంట్లో ఉన్నప్పుడు వేసుకోండి."

ఇంట్లో ఉన్నప్పుడు! ఆ ముక్కే మర్చిపోతి.

మా చెల్లెలు సరోజ కూతురికి పెండ్లి కుదిరింది. చీరలకని ఇద్దరం పొద్దున్నే ధర్మవరం బస్సెక్కినాం. ఊరు దాటినాక గుర్తొచ్చింది, మాత్ర వేసుకోలేదని. బ్యాగులోంచి తీసి గుటుక్కున మింగేస్తి.

పెనుకొండ వచ్చేతలికి మొదలాయె! బస్టాండులో దిగి ఒకటే పరుగు. నేను తిరిగొచ్చేవరకు సరోజ ఫుట్‌బోర్డు మీద నిలబడి, "మా అక్క రాకుండా బస్సు కదిలిందంటే చూడు!" అని కండక్టరుతో పోట్లాట. వచ్చి కూర్చుంటి. పెనుకొండ దాటిందో లేదో, మళ్లీ! బయట చూస్తే చెనక్కాయ చేన్లు, చాటుకు ఒక్క చెట్టు గూడ లేదు.

"అప్పా, నీకు పుణ్యముంటాది, యాడన్నా నిలుపప్పా!"

"ఏందమ్మా, ఇప్పుడే గదా పోయొచ్చినావు!"

పాపం, కండక్టరు పెట్రోలు బంకు కాడ బస్సు నిలిపించినాడు. బస్సంతా నన్నే చూస్తాండారు. మొగానికి కొంగు అడ్డం పెట్టుకోని ఎక్కితి.

అంగట్లో ఇంగో తమాషా. అంగడాయన చీర విప్పి రేటు చెప్పినాడు. సరిగ్గా అప్పుడే నాకు ముంచుకొచ్చింది. గబుక్కున లేచి బయటికి నడిస్తి. బాత్రూమేమో బయట మెట్లెక్కి మూడో అంతస్తుకు పోవల్ల! ఆయప్ప కంగారుపడి, "అక్కా, కోపం చేసుకోవద్దు, తగ్గిస్తాలే!" అన్న్యాడు. పోయొచ్చి కూర్చుంటి. ఇంగో చీర విప్పినాడు, రేటు చెప్పినాడు, నేను మళ్లీ లేస్తి. ఆయప్ప మళ్లీ తగ్గించినాడు! సరోజ నా చెవిలో, "అక్కా, ఆ జరీ చీరకు గూడ ఒక్కసారి లెయ్యి" అంటాది, దొంగది!

ఇంగో తూరి పైకి పోయినాక తట్టింది. మొన్నటిదాకా వాకిలి దాటితే ఆయాసమొచ్చే దాన్ని, ఇన్ని మెట్లు పరుగున ఎక్కినా ఊపిరి నిమ్మళంగా ఉండాది! కాళ్లు చూసుకుంటి. వాపు లేదు. ఆడ్నే, ఆ బాత్రూం వాకిట్లోనే నిలబడి ఏడిస్తి. మాత్ర కండ్లల్లోంచి గూడ నీళ్లు లాగుతాదేమో!

చీరలు మూట గడతా అంగడాయన దండం పెట్టినాడు. "అక్కా, నోరు తెరవకుండా ఇంత బేరమాడినోళ్లను నేను చూడలే! మీదేవూరు?"

జవాబు చెప్పే తీరిక యాడుంది? నేను అప్పటికే మెట్లెక్కుతాంటి.