గట్టు మీద నేర్చిన నడక

ఈ ఉదయం నేను అమ్మ చెప్పులు కడుగుతుంటే తడిబురద వాసన గుప్పుమంది. వరండా నిండా మట్టి అడుగులే. కోపం రావాలి నిజానికి, కానీ నాకు ఎక్కడలేని సంతోషమేసింది. అమ్మ ఏలూరులో మా ఇంటికి వచ్చిన కొత్తలో కొన్న ఆ చెప్పులు, నెలల తరబడి గేటు దాటలేదు మరి.

మాది కొల్లేటి పక్క ఊరు. ఆదివారం చర్చికి వెళ్లాలంటే చేపల చెరువుల గట్ల మీద గంటసేపు నడవాలి. గట్టు ఒక్క మనిషికే సరిపోయేది. అమ్మ ముందు నడుస్తూ, కర్రతో గడ్డి మీద తట్టి పాముల్ని అదిలిస్తుంటే, వెనక నేను చెప్పులు చేతిలో పట్టుకుని, కాలివేళ్లు బురదలో బిగించి, ఆవిడ పాదం దిగిన చోటే నా పాదం పెట్టేదాన్ని. చేపలకు వేసే తవుడు వాసన, నీటి పాచి వాసన, రెక్కలు దులుపుకునే గూడకొంగలు. క్రిస్మస్ రోజుల్లో అయితే వీటన్నిటినీ మించి అమ్మ నెత్తి మీది డబ్బాలోంచి అరిసెల నేతి వాసన. భయమేసి చెయ్యి పట్టుకోబోతే కసిరేది.

"వద్దే, పట్టుకుంటే ఇద్దరం పడతాం. నా అడుగులో అడుగెయ్యి."

హైస్కూలుకి ఏలూరు హాస్టల్లో చేరాను. అక్కడి పిల్లలు వెడల్పాటి రోడ్డు మీద నలుగురు నలుగురు చేతులు కలుపుకుని, రేగుపళ్లు తింటూ, గింజలు ఉమ్ముతూ నడుస్తుంటే నేను మాత్రం వెనకాల ఒక్కదాన్నే గట్టు మీద ఉన్నట్టే పోయేదాన్ని. "గట్టు దిగి రావే!" అని ఆటపట్టించేవారు. పక్కపక్కన నడవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టిందంటే నమ్మండి. ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో టీచరు ఉద్యోగం, స్కూటీ. వీధి చివర కరివేపాకుకి కూడా బండి తీసే రోజులు. మళ్లీ ఏలూరు బదిలీ అయ్యేసరికి నాకు నడకే పోయింది.

నిరుడు అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. "రోజూ నడవకపోతే మోకాళ్లు పట్టేస్తాయండీ, ఆ తర్వాత మంచమే," అన్నాడు డాక్టరు. అమ్మేమో గేటు దగ్గరే ఆగిపోయేది. పాముని లెక్కచేయని మనిషి మోటారుసైకిలు హారనుకి వణికిపోయేది. నేను పెద్ద తెలివైనదానిలా పక్కన నడుస్తూ చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని. నాలుగడుగులకే "వదలవే, పడిపోతాను" అని వెనక్కి తిరిగేది. మొండితనం అనుకుని విసుక్కున్నాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు మా వీధిలో లారీ ఆగి, దానికీ మురుగుకాలవకీ మధ్య మనిషి పట్టేంత చోటే మిగిలింది. చెయ్యి వదిలి నేను ముందుకు వెళ్లాను. దాటి చూస్తే, అమ్మ నా వెనకే ఉంది, చెప్పుల్లో వేళ్లు బిగించి.

"ఆగావేం? నడువు. ముందు పాములున్నాయా?"

"బైకులున్నాయమ్మా."

ఓరి దేవుడా, ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదు! ఆ రోజు పెద్దకాలవ గట్టుదాకా వెళ్లాం. అప్పటినుంచి రోజూ నేను ముందు, అమ్మ వెనక. "పెద్దావిణ్ణి వెనకొదిలేసి మీరు ముందు పోతారేంటండీ టీచరుగారూ?" అని ఎదురింటావిడ నొచ్చుకుంటుంది. అమ్మ నవ్వుతూ నా వెనకే వచ్చేస్తుంది.

మా ఊరి గట్టు ఇప్పుడు లేదు. చేపల లారీల కోసం వెడల్పు చేసి సిమెంటు పోశారు. చర్చికి అందరూ ఆటోల్లోనే వెళుతున్నారు. తల్లి పాదంలో పాదం పెట్టి నడిచే పిల్లలు ఇక కనబడరు.

నిన్న సాయంత్రం వాన వెలిశాక కాలవగట్టు చిత్తడిగా ఉంది. నేను జారి తూలబోయాను. అమ్మ నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చింది, చేతిలోని గొడుగుతో గడ్డి మీద రెండుసార్లు తట్టింది.

"నీకు నడక మరుపొచ్చిందే. నా అడుగులో అడుగెయ్యి."

చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. వేశాను.