నడక మీద పడ్డ నింద

వడ్డేపల్లి దగ్గర కౌలు భూమిలో మేము విత్తన పత్తి వేసిన ఏడాది అది. రేపు విచ్చే మొగ్గలో మగ కేసరాలను సాయంత్రమే గిల్లి ఉంచి, మర్నాడు పొద్దున దానికి మగ పువ్వు పుప్పొడి అద్దాలి. పొద్దు నెత్తికెక్కితే ఆ మొగ్గ దండగే. కూలి ఆడవాళ్లతో పాటు నా భార్య కూడా చేస్తుండేది. అప్పుడు ఆమెకు ఆరో నెల.

ఒకరోజు అన్నాల వేళ మా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ గట్టు మీదికి వచ్చింది.

"కడుపుతో ఉన్నోళ్లు పని దిగినంక జర మెల్లగ నడువుండ్రి. మాట్లాడుకుంట నడవాలె, ఆయాసం రావద్దు. కండ్లు తిరిగినా, కడుపుల నొప్పి లేసినా ఆపి దవాఖానకు రావాలె."

"గీ సాళ్లల్ల తిరిగేది నడక గాదా నర్సమ్మా?" అని ఒకామె నవ్వింది.

"ఎండల వంగి నిలబడుడు కసరత్తు గాదక్కా, గోస."

ఆ సాయంత్రం నుంచి నా భార్య బండ్లబాట వెంట కాసేపు నడిచేది. "దొరసాని షికారు పోతుంది" అని నేనే ఎగతాళి చేశాను.

పూత ముమ్మరంగా ఉన్న ఒక పొద్దున ఆమె నడుము పట్టుకుని ఆగింది.

"కండ్లు తిరుగుతున్నయ్. జర కూసుంటనయ్యా."

"గీ సాలు అయిపోనియ్యి. పూలు ఆగుతయా?" అన్నాను.

సాలు సగంలోనే పడిపోయింది. గద్వాల దవాఖానలో సెలైన్ ఎక్కించారు. బిడ్డకు ఏమీ కాలేదని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికి రాగానే మా అమ్మ వాకిట్లో అందరికీ వినపడేలా, "నర్సమ్మ నడువు నడువు అనె. గందుకే పడ్డది" అంది. నేను కాదనలేదు. ఆ మాట ఊరంతా పాకింది. తర్వాత నర్సమ్మ గట్టు మీదికి వస్తే ఆడవాళ్లు గిన్నెలు సర్దుకుని లేచిపోయేవాళ్లు. ఆమె ఒకసారి నా వైపు చూసింది. నేను అద్దిన మొగ్గలకు గుర్తుగా కట్టే దారం చిక్కు తీస్తున్నట్లు తల దించుకున్నాను.

డాక్టరమ్మ సరేనన్నాక నా భార్య మళ్లీ నడవడం మొదలుపెట్టింది. ఈసారి బండ్లబాట మీద కాదు, అందరూ చూసేలా మా వీధిలోనే.

"మల్ల పడ్తవే పిల్లా!" అంది ఎదురింటి పెద్దమ్మ.

"నడిచి పడలే పెద్దమ్మా. నిలబడి పడ్డ."

ఎవరు నిలబెట్టారో మాత్రం ఆమె చెప్పలేదు. నేను అక్కడే, మా అరుగు మీదే ఉన్నాను. అది నేను చెప్పవలసిన మాట. నర్సమ్మ బదిలీ అయి పోయేదాకా కూడా చెప్పలేదు. నిలబెట్టింది నేనే.