వెనక్కి తిరగని బేరం

మాది చిలకలూరిపేట. నాన్న బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కనే పెరిగాను కాబట్టి, బేరమాడడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు నేనే బిరుదు ఇచ్చుకున్నాను.

నిరుడు మా వీధి ఆడవాళ్లమంతా బస్సు మాట్లాడుకుని హైదరాబాద్ చూడబోయాం. చార్మినార్ దగ్గర ఒక గాజుల సెట్టు సగం ధరకు అడిగితే కొట్టతను నవ్వాడు. మా ఇంటి పద్ధతి ప్రకారం విసురుగా వచ్చేశాను. ఎలాగూ వెనక నుంచి పిలుస్తాడు. మొదటి పిలుపుకే తిరిగితే ధర తగ్గదు.

"అమ్మా, ఆగండి! ఇటు రండి!" అని కేక వినిపించింది. దిగొచ్చాడనుకుని ఇంకా వేగంగా నడిచాను. రెండో కేకకీ తిరగలేదు. మూడోది రాలేదు. తిరిగి చూస్తే కొట్టూ లేదు, మావాళ్లూ లేరు. ఫోను వదిన సంచిలో ఉంది.

దారి అడుక్కుంటూ ఆ కొట్టుకే చేరాను. అతను జాలిపడి తన ఫోనిచ్చాడు. నా నంబరుకు చేస్తే వదిన ఎత్తింది.

"ఎక్కడున్నావే తల్లీ! బస్సు డ్రైవరు గొంతు చించుకుని పిలిస్తే పరిగెత్తావేంటి?"

ఫోనిచ్చిన మనిషితో బేరమేం ఆడతాను? చెప్పిన ధరకే గాజులు కొన్నాను.

ఇప్పటికీ బేరం కుదరకపోతే వచ్చేస్తాను. కాకపోతే మొదటి పిలుపుకే తిరిగి, పిలిచిందెవరో చూసుకుంటాను.