నిండు కప్పు

మరకైబో సరస్సు రేవులో వలలు బాగుచేసే నేరియో, పొద్దున్నే ఒక చిన్న ముడి వేసి వేళ్లు మాట వింటున్నాయో లేదో చూసుకుంటాడు. తండ్రినీ అన్ననీ మింగిన వణుకుజబ్బు తనకూ ఉందేమోనని పరీక్ష మాత్రం చేయించుకోడు.

పరాయి దేశంలో ఆ జబ్బుకి జన్యుచికిత్స వచ్చిందనీ, మెదడులోకి ఒక్కసారి మందు ఎక్కిస్తే చాలనీ ఇవాళ రేడియోలో చెప్పారు. "విన్నావా అక్కా? అప్పట్లో ఇక్కడికొచ్చిన పరిశోధకులకి మా నాన్న ఇచ్చిన రక్తంతోనే దారి దొరికింది!" అన్నాడు కాఫీ అమ్మే డెయనీరాతో. "మరి నీకు కబురు పెట్టలేదేం? రేవుకి దారి మర్చిపోయారా?" అంటూ ఆమె కప్పు సగమే నింపింది. చేతులు వణికేవాళ్లకి ఆమె ఎప్పుడూ సగమే పోస్తుంది. అతని తండ్రికీ అలాగే పోసేది. "నిండా పొయ్యి," అన్నాడు నేరియో. పోసింది. కాఫీ చల్లారిపోయేదాకా అతను చేతులు ఒళ్లోంచి తియ్యలేదు.