పేటలో చదివిన ఆమె

ఆ రోజు నేను ఆమె చదువు గురించి అబద్ధం చెప్పాను. మిర్చి ఎగుమతి చేసే మా ఆఫీసుకు దుబాయ్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. ఇకమీదట తన సరుకు వ్యవహారం చూడబోయే మా మేనేజరమ్మ ఎంబీఏ ఎక్కడ చేసిందని అడిగాడు. “హైదరాబాద్‌లో” అన్నాను.

“కాదండి, నరసరావుపేటలో” అంది ఆమె.

ఎక్కడ చదివారంటే మేమంతా “ఇక్కడే, పక్కన పేటలోనే” అని నసుగుతాం. ఆమె ఏనాడూ ఆ ‘నే’ చేర్చలేదు.

ఆయన ఆ ఊరి పేరే వినలేదని నవ్వి, ఇంకెవరైనా పెద్దవాళ్లున్నారా అన్నాడు. ఆమెకు ఏం పని వచ్చో ఒక్క ముక్క అడగలేదు. తాను పేరు వినని కాలేజీలో చదివితే అది చదువు కాకుండా పోతుందా? నాకు ఒళ్లు మండింది. అయినా నవ్వుతూనే ఆయన్ను కారు దాకా సాగనంపాను.

ఆయన వెళ్లాక ఆమె, “ఏంది సార్, మీదీ మా కాలేజీయేగా. నన్ను హైదరాబాద్ పంపిచ్చి మీరెక్కడ దాక్కున్నారు?” అంది.

మర్నాడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆయనకు ఫోన్ చేశాను. అబద్ధమాడింది నేనని, నేను చదివిందీ ఆ కాలేజీలోనని, ఈ సరుకు గురించి ఇక ఆమెతోనే మాట్లాడాలని చెప్పాను. ఫోన్ ఆమె చేతికిచ్చి నేను బయటికి వచ్చేశాను.