పట్టుచీరను వదలని బోంగోలు

ఆ సాయంత్రం పాట అయిపోగానే నేను లేచి నమస్కారం పెట్టగలిగి ఉంటే ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబాలో మా పరువు ఇంకోలా ఉండేది. లేవలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు నేను బోంగోలు కొన్న వైనం చెప్పాలి. మీరు నవ్వుకుంటారని తెలుసు. పర్వాలేదు, మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నేను హాస్పిటల్‌లో నర్సుని. నజీర్ అంకుల్ అక్కడే పిల్లల డాక్టరు, హైదరాబాదు మనిషి, మంచి గాయకుడు. మా హాస్పిటల్ వాళ్ల మల్టీకల్చరల్ ఈవెనింగ్‌లో ఆయన పాడాలి. ఇంతలో తబలా వాయించే అతనికి పెర్త్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. తాళం లేకుండా పాడలేను, పేరు తీసేయమంటానని అంకుల్ టీ రూములో దిగులుగా అంటుంటే నా నోరు ఊరుకోలేదు. నేను వాయిస్తానన్నాను. నా అనుభవమల్లా గుంటూరు నర్సింగ్ హాస్టల్లో బకెట్ బోర్లించి కొట్టడం. తబలాకి ఒక జన్మ చాలదు, బోంగోలైతే వీడియోలు చూసి వాయించేయొచ్చని నాకు నేనే తీర్మానించుకున్నాను. బోంగో విద్వాంసులు ఎవరైనా చదువుతుంటే క్షమించాలి.

అక్కణ్నుంచి పట్టుకుంది పిచ్చి. రెండు చిన్న డోళ్లు పక్కపక్కన అతికించిన వాయిద్యంలో ఇంత సంగతి ఉంటుందని ఎవరనుకున్నారు? డొల్ల చెక్కదైతే గొంతు వెచ్చగా ఉంటుందట, ఫైబర్‌గ్లాస్‌దైతే కణకణలాడుతుందట. నిజమా కాదా అని ఇంట్లో తలుపులు, ఫ్రిజ్జు, బయట చక్రాల చెత్తడబ్బా, చివరికి నిద్రపోతున్న మా ఆయన పొట్ట కూడా కొట్టి చూశాను. అన్నిట్లోకీ పొట్టదే వెచ్చని గొంతు.

మ్యూజిక్ షాపులో ఒక ఆర్వో, అదే ఇక్కడివాళ్ల భాషలో మధ్యాహ్నం, అంతా గడిపాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ కదా, కౌంటర్లో అమ్మాయిని పీల్చి పిప్పి చేశాను. ఇది మేక తోలా, గేదె తోలా? పల్చటిదానికీ మందపుదానికీ మోతలో తేడా ఏమిటి? కొండమీదున్న మా ఊరి పొగమంచుకి సాగుతుందా, పొడిగాలికి బిగుస్తుందా? రెండూ అవుతుందట. పొద్దున అప్పడాల పిండిలా, మధ్యాహ్నానికి వేయించిన అప్పడంలా ఉంటుందన్నమాట. ప్లాస్టిక్ చర్మమైతే ఏ వాతావరణానికీ చలించదట, కానీ చెవి పెట్టి వింటే అందులో ప్రాణం తక్కువనిపించింది. ఒకే డొల్ల తోలు మార్చగానే ఇంకో మనిషిలా మాట్లాడటం విని నాకు ఒళ్లు పులకరించింది. చెక్క డొల్ల, గేదె తోలు అని తేల్చాను.

మిగిలింది ఇనప సామాను. తోలును పట్టి ఉంచే రింగు, దాన్ని కిందికి లాగే కొక్కేలు, అడుగున బోల్టులూ నట్లూ. ఒక జతకి అంచులు గుండ్రంగా, బోల్టుల కొసలకి టోపీలు పెట్టి ఉన్నాయి, కానీ మసిబట్టిన నలుపు. ఇంకో జత కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని చూడండి, అప్పుడే తెలుస్తుందని ఆ అమ్మాయి కుర్చీ వేసింది. నలుగురిలో కాళ్లు ఎడం చేసి కూర్చోడానికి సిగ్గేసి వద్దన్నాను. తళతళలాడే రింగులో నా ముఖం చూసుకుని అదే కొనేశాను. పైన పటారం, కింద బోల్టుల భారం.

ఇంట్లో ట్రాక్ ప్యాంట్ వేసుకుని సాధన చేసేదాన్ని. బోల్టులు పిక్కలకి గుచ్చుకుంటే, కళ కోసం ఆమాత్రం ఓర్చుకోవాలనుకున్నాను. అంకుల్ శనివారాలు వచ్చి నా తాళం పక్కన ముఖం ముడుచుకుని పాడేవారు. ఒక శనివారం మాత్రం కళ్లు మూసుకుని తలూపారు. ఆ తలూపు కోసం ఇంకో జత పిక్కలైనా ఇచ్చేసేదాన్ని.

కార్యక్రమం రోజున కంచిపట్టు చీర కట్టాను. అనుకున్న పాటలు అద్భుతంగా కుదిరాయి. చప్పట్లు మోగాయి. నేను సగం లేచాను. బోంగోలూ నాతోపాటే లేచాయి. మోకాళ్ల దగ్గర ఒకసారి ఉయ్యాల ఊగి, నన్ను మళ్లీ కుర్చీలోకి లాగాయి. బోల్టుల మరల్లో కుచ్చిళ్ల జరీ చుట్టుకుపోయింది. ఆడలేక మద్దెల ఓడు అంటారు. నాది లేవలేక మద్దెల గట్టి.

"అంకుల్, నేను లేవలేను," అన్నాను మెల్లగా.

"కాళ్లు తిమ్మిరెక్కాయా, అమ్మా?"

"బోల్టులు చీర పట్టుకున్నాయి. లేస్తే కుచ్చిళ్లు ఊడొస్తాయి."

పిల్లలకి సూది గుచ్చే ముందు పెట్టే ప్రశాంతమైన ముఖమే పెట్టి, అంకుల్ మైకులో, మీరందరూ కోరుతున్నారు కాబట్టి ఇంకో పాట అన్నారు. ఎవరూ కోరలేదు. ఆయన పాడారు. నేను ఒక చేత్తో వాయిస్తూ ఇంకో చేత్తో జరీ లాగాను. అది ఇంకాస్త బిగిసింది. పాట అయ్యింది, నేను లేవలేదు, ఆయన ఇంకోటి ఎత్తుకున్నారు. గజళ్లు అయిపోయాయి. పెళ్లిపాటలు అయిపోయాయి. వార్డులో పిల్లల్ని బుజ్జగించే పాటలు మొదలయ్యాయి. మా తర్వాత ఆడాల్సిన గ్రీకు నాట్యబృందం తెర పక్కన నిలబడి కాళ్లు మార్చుకుంటోంది. బయట బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు మాడుతున్న వాసన. వ్యాఖ్యాత చేతులూపుతుంటే, చూడకుండా ఉండటానికి అంకుల్ గాఢంగా కళ్లు మూసుకున్నారు.

నాకు పొగరెక్కిందనుకుని, దింపేద్దామని మా ఆయన స్టేజీ ఎక్కారు. దగ్గరికొచ్చి కిందకి చూశారు. బోంగోల సంచిలోంచి, తోలు బిగించడానికి వాటితోపాటు ఇచ్చిన స్పానర్ తీసి, నా కాళ్ల దగ్గర చతికిలబడి నట్లు విప్పడం మొదలెట్టారు. నేను వాయిస్తూనే ఉన్నాను. నట్లు వదులయ్యేకొద్దీ తోలు జారి మోత దిగిపోతోంది. మోతతోపాటు అంకుల్ కూడా శ్రుతి దించుకుంటూ, చివరికి బావిలోంచి పాడినట్టు పాడారు. ఆఖరి నట్టు ఊడింది, చీర విడిచింది, రింగూ తోలూ నా ఒళ్లో పడ్డాయి. నేను లేచాను. హాలంతా లేచి నిలబడింది. సగం గౌరవానికి, సగం సాసేజీలకి.

తర్వాత మా వార్డులో పెద్ద నర్సు వచ్చి నా చేతులు పట్టుకుంది. కళాకారిణికీ వాయిద్యానికీ ఇంతటి అనుబంధం తన జన్మలో చూడలేదంది. అంకుల్ ఆమెకి వినయంగా తలవంచి, నాకు మాత్రం వినబడేలా తెలుగులో అన్నారు:

"నిజమేనమ్మా. విడదీయడానికి స్పానర్ కావాల్సొచ్చింది."

అందుచేత, జరీ చిరిగిన కంచిపట్టు మీద చెయ్యేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక జన్మలో ఏ వాయిద్యం కొన్నా, కూర్చుంటే ఎలా మోగుతుందో తర్వాత చూస్తాను. లేస్తే వదులుతుందో లేదో ముందు చూస్తాను.