పైనాయన కొన్న డ్రోన్

పనిచేసే చోట ఆయన్ని అందరూ పైనాయన అనేవారు. ఇరవై ఎనిమిదేళ్లు టవర్ క్రేన్ నడిపాడు. పొద్దున ఆరింటికి నిచ్చెన ఎక్కితే మళ్లీ నేలమీద కాలు పెట్టేది సాయంత్రమే. భోజనం కూడా తాడుకు కట్టిన సంచిలో పైకి వచ్చేది. కింద ఎవడైనా పని ఎగ్గొట్టి గోడ నీడన కూలబడితే పక్కవాడు, "లేరా, పైనాయన చూస్తున్నాడు" అనేవాడు. దేవుణ్ని తలుచుకున్నా, క్రేన్‌ని తలుచుకున్నా వాడు లేచి నిలబడాల్సిందే. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆయనకు కోపం రాలేదు. అంత ఎత్తున దేవుడికైనా మాట్లాడటానికి ఎవరుంటారులే అనుకుని నవ్వుకున్నాడు.

క్యాబిన్ అంటే కాళ్లు చాపుకోవడానికి కూడా చాలని అద్దాల గది. ఒక కుర్చీ, చేతుల దగ్గర రెండు లివర్లు, నీళ్ల సీసా, గాలి వేగం చూపే మీటరు. భుజం దగ్గర వేలాడే వాకీటాకీ. అందులోంచి సిగ్నల్‌మ్యాన్ గొంతు వచ్చేది. బరువు సరిగ్గా ఎక్కడ దిగుతోందో పైనుంచి కనిపించదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మ్యాన్ ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో, ఎంత దించాలో చెబుతుంటే, ఆయన చెయ్యి ఆ మాట వెంబడే కదిలేది. పదకొండేళ్లు ఆ ఒక్క గొంతుతోనే పనిచేశాడు. అన్నేళ్లలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగింది పట్టుమని పదిసార్లు లేదు. ఈయన దిగి వచ్చేసరికి అతను వెళ్లిపోయేవాడు.

యాభై ఏడో ఏట లోపలి చెవి మొరాయించింది. ఒకరోజు సగం నిచ్చెనలో ఉండగా లోకమంతా గిర్రున తిరిగింది. కడ్డీని వాటేసుకుని పావుగంట కళ్లు మూసుకున్నాడు. కిందివాళ్లు ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడనుకున్నారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఇక ఎత్తులు ఎక్కొద్దంది. స్టూలెక్కి బల్బు మార్చడం కూడా వద్దంది. కంపెనీవాళ్లు మర్యాదగానే పంపించారు.

ఇల్లు మొదటి అంతస్తులో రెండు గదులు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, దాని మీద కిందికి పాకిన నీళ్ల పైపు. అంతకుమించి ఏమీ కనిపించదు. భార్య పోయి ఆరేళ్లయింది. కూతురు వేరే ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. ఆదివారం ఫోన్ చేస్తుంది, డ్యూటీ లేకపోతే పది నిమిషాలు, ఉంటే మూడు. పని ఉన్నన్నాళ్లూ ఒంటరితనాన్ని సాయంత్రం క్యాబిన్‌లోనే వదిలి తలుపు వేసి దిగి వచ్చేవాడు. ఇప్పుడది ఆయన వెంటే దిగొచ్చి ఆ రెండు గదుల్లో కాపురం పెట్టింది.

పెళ్లయిన కొత్తలో భార్య రోజూ అడిగేది, "పైనుంచి ఏం కనిపిస్తుందండీ?" అని. "ఏముంటుంది, అన్నీ కనిపిస్తాయి" అని తువ్వాలు అందుకుని స్నానానికి వెళ్లేవాడు. ఒళ్లు అలిసిపోయి ఉండేది మరి. నాలుగైదేళ్లు అడిగి, ఆవిడ ఆ ప్రశ్న మానేసింది. మానేసిన సంగతి కూడా ఆయన గమనించలేదు. ఇప్పుడు చెప్పాలంటే బోలెడుంది. వాన మనమీద పడే ముందు వీధి తరవాత వీధి దాటుకుంటూ నడిచి రావడం, పొద్దున్నే మంచులో మేడల తలకాయలు మాత్రమే తేలుతూ ఉండటం, ఒకే డాబా మీద ఒకే మనిషి నాలుగేళ్లపాటు రోజూ వ్యాయామం చేసి, ఒకరోజు నుంచి కనిపించకపోవడం. చెబుదామంటే వినే మనిషి లేదు.

ఉద్యోగం చివరి ఏడాదిలో, అప్పుడు కడుతున్న భవనం ప్రకటన కోసం ఎవరో వీడియో తీస్తూ ఒక డ్రోన్‌ని క్యాబిన్ ఎత్తుదాకా పంపారు. అది అద్దం ముందు కాసేపు నిలబడి ఆయన్ని చూసి వెళ్లిపోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చున్న మూడో నెలలో అది గుర్తొచ్చింది. తను ఎక్కలేకపోతేనేం, కళ్లని పంపొచ్చు కదా అనిపించింది.

బజారు పక్క సందులో, రెండో అంతస్తులో ఒక కెమెరా షాపు ఉంది. నడిపేది నలభై దాటిన ఆవిడ. గోడ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చిన ఈయన్ని చూసి, మనవడికా సార్ అని అడిగింది. నాకేనమ్మా అన్నాడు. ఆవిడ అరచేతిలో ఇమిడేంత చిన్నది ఒకటి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని అరచేతిలోనే రెండుసార్లు ఎగరేసి పట్టుకుని బరువు చూసి, "ఇది గాలికి ఆగదమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ అప్పుడు ఆయన వైపు సరిగ్గా చూసి, వెనక బీరువా తాళం తీసింది.

ఆ నెలలో ఆరుసార్లు వెళ్లాడు. ఆవిడ విసుక్కోలేదు. బేరం లేని మధ్యాహ్నాల్లో ఒకటొకటీ బల్లమీద పెట్టి ఓపిగ్గా చెప్పేది. సెన్సార్ పెద్దదైతే తెల్లవారుజామున వెలుతురు తక్కువున్నా బొమ్మ గరుకుగా రాదు. కెమెరాని పట్టుకునే ఈ చిన్న చట్రాన్ని గింబల్ అంటారు, డ్రోన్ ఎంత ఊగినా వీడియో ఊగకుండా చూస్తుంది. ఒక బ్యాటరీకి నలభై నిమిషాలన్నారంటే చేతికొచ్చేది ముప్పై అనుకోవాలి. ఆయన అన్నీ ఒక పాత డైరీలో రాసుకునేవాడు. తను అడిగేవి మాత్రం వేరే. ఒక్కసారిగా గాలి విసిరితే ఎంత పక్కకు జరిగి ఆగుతుంది? దిగేటప్పుడు ఎక్కువ ఊగుతుందా, ఎక్కేటప్పుడా? సిగ్నల్ తెగిపోతే ఏం చేస్తుంది? తనంతట తనే బయల్దేరిన చోటికి వచ్చి దిగిపోతుందని ఆవిడ చెబితే, మనుషుల కన్నా నయమే అన్నాడు. ఎగరేయడానికి పరీక్ష రాసి అనుమతి తీసుకోవాలంటే అదీ రాశాడు. గాలీ మబ్బుల పాఠంలో ఒక్క ప్రశ్న కూడా తప్పు పోలేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి మధ్యరకం సైజుది, మూడు లెన్సులున్నది, మడిచి భుజాన వేసుకోవచ్చు. రెండోది పెద్దది, సెన్సార్ ఇంకా పెద్దది, లెన్సు విప్పి వేరేది బిగించుకోవచ్చు, దాని పెట్టె మోయడానికే ఒక మనిషి కావాలి.

సంగతి తెలిసి కూతురు ఫోన్‌లో మొత్తుకుంది. తోచకపోతే పొద్దునా సాయంత్రం నడవమంది, పక్కింటివాళ్లతో మాట్లాడమంది. చివరికి అసలు భయం బయటపెట్టింది.

"మళ్లీ ఏ డాబానో ఎక్కి నిలబడతారేమోనని నాన్నా."

"ఎక్కేది నేను కాదమ్మా, అది. నేను నేలమీదే ఉంటాను."

అవతల ఎవరో పిలిచారు. మళ్లీ మాట్లాడతా నాన్నా అని కూతురు పెట్టేసింది.

ఒక గురువారం పొద్దున షాపావిడ రెండు డ్రోన్లూ వ్యానులో వేసుకుని, ఊరి చివర పాత గోదాముల వెనక ఖాళీ మైదానానికి తీసుకెళ్లింది. మొదట మధ్యరకంది ఎగరేశాడు. బొమ్మ అద్దంలా ఉంది. దగ్గరికి లాగి చూస్తే అర కిలోమీటరు అవతలి కిటికీ ఊచలు లెక్కపెట్టొచ్చు. ఆవిడ ముఖం వెలిగింది, బేరం కుదిరిందనుకుంది.

తరవాత పెద్దది. తిన్నగా పైకి పంపి ఎనభై మీటర్ల దగ్గర ఆపాడు. అది ఆయన క్యాబిన్ ఎత్తు. తెరమీద ఊరు మెల్లగా పరుచుకుంది. గోదాముల రేకులు, వాటి వెనక రోడ్లు, దూరంగా తను ఆఖరున పనిచేసిన ఇరవై రెండంతస్తుల భవనం, దాని పక్క గోడమీద మాత్రమే పడ్డ ఎండ. ఆయన దాన్ని ముందుకీ పంపలేదు, వెనక్కీ తిప్పలేదు. అలా మూడు నిమిషాలు నిలబెట్టి చూస్తూ ఉండిపోయాడు. తెర బిగుసుకుపోయిందేమోనని ఆవిడ తొంగి చూసింది.

అప్పుడే గాలి లేచింది. రిమోట్ కీచుమని హెచ్చరించింది. పైన డ్రోన్ ఒక పక్కకు వాలి కొట్టుకుంటోంది.

"దించేయండి సార్, అది నాది కాదు, కంపెనీవాళ్లు చూపించడానికి ఇచ్చింది."

ఆయన తొందరపడలేదు. ముందు దాని ముక్కుని గాలికి ఎదురు తిప్పాడు. అది కుదురుకుంది. ఆ తరవాత కొంచెం దించి, ఆపి, మళ్లీ కొంచెం దించి, మెట్టు మెట్టుగా తెచ్చి గడ్డిమీద పెట్టాడు.

"గాలికి పక్క ఇవ్వకూడదమ్మా, ముఖం ఇవ్వాలి. క్రేన్‌కి కూడా అంతే. పని ఆగాక బ్రేకు వదిలేస్తాం, గాలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కట్టేస్తే పడిపోతుంది" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము అన్నాడు.

వ్యాను ఎక్కబోయే ముందు ఆవిడ ఉన్నమాట చెప్పింది. లాభం చూసుకుంటే పెద్దదే అమ్మాలి, కానీ మీకు మధ్యరకం చాలు అంది.

"ఆ పెద్దది ఇద్దరు నడిపే వస్తువు సార్. అందుకే రెండు రిమోట్లు. ఒకరు ఎగరేస్తుంటే ఇంకొకరు కెమెరా తిప్పుతారు. సినిమావాళ్లకి సరిపోతుంది. ఒక్కరూ నడపొచ్చు, కానీ దాని పనితనం సగమే కనిపిస్తుంది."

"ఇద్దరూ పక్కపక్కనే ఉండాలా?"

"అక్కర్లేదు, కాస్త దూరంగా ఉన్నా పర్లేదు. మాట్లాడుకుంటూ ఉండాలి అంతే."

ఆయన ఆలోచించుకుంటానని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు డైరీ ముందేసుకుని కూర్చున్నాడు. ఏ వరుస చూసినా మధ్యరకమే మేలు. మోయడానికి తేలిక, మడిస్తే సంచిలో పడుతుంది, వంగితే తల తిరిగే తనకు అంత పెద్ద పెట్టెతో అవస్థే. ఇవన్నీ తెలుసు. అయిదో రోజు వెళ్లి పెద్దది కొన్నాడు. రెండో రిమోట్ ఎవరు పట్టుకుంటారని ఆవిడ అడిగితే, చూద్దాం అన్నాడు.

రెండు వారాలు రెండు రిమోట్లకూ చార్జింగ్ పెడుతూ, ఒక్కదాన్నే వాడాడు. మూడో వారం మనసు గట్టి చేసుకుని సిగ్నల్‌మ్యాన్‌కి ఫోన్ చేశాడు. ఆరు నెలలైంది మాట్లాడి. "చెప్పన్నా" అంది ఆ గొంతు, నిన్ననే షిఫ్టు దిగినట్టు. అతను ఇప్పుడు వేరే చోట, వేరే ఆపరేటరు కింద పనిచేస్తున్నాడు. సెలవు రోజున వస్తానన్నాడు.

వచ్చాడు. మైదానంలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అతని జుట్టు నెరవడం ఈయన ఇన్నాళ్లూ చూడలేదు. చెవి ఎలా ఉందన్నా అని అతను అడిగాడు, పిల్లలేం చదువుతున్నారని ఈయన అడిగాడు, అంతటితో సరుకైపోయింది. ఇక లాభం లేదని రెండో రిమోట్ చేతికిచ్చి, కెమెరా తిప్పే చక్రం చూపించి, డ్రోన్‌ని పైకి పంపాడు.

ఎనభై మీటర్ల దగ్గర అతను తెరను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"నువ్వు చూసేది ఇదా అన్నా? నేను పదకొండేళ్లు ఆ కొక్కెం తప్ప ఏం చూళ్లేదు."

"నాకూ చెప్పాలని తోచలేదు" అన్నాడు పైనాయన.

తరవాత అతను, తనకు తెలియకుండానే, నాలుగడుగులు దూరంగా జరిగి నిలబడ్డాడు. "ఎడమకి, అన్నా... ఇంకొంచెం... ఆపు. ఉండు, ఆ భవనం మీదికి తిప్పుతా" అనడం మొదలుపెట్టాడు. ఆ గొంతు వినపడగానే ఈయన వేళ్లు వాటంతటవే కదిలాయి. బ్యాటరీ అయిపోయేదాకా ఎగరేశారు, ఇంకోటి మార్చి అదీ అయిపోయేదాకా ఎగరేశారు. ఆరోజు తీసిన వీడియోలో ఒక్క కుదుపు లేదు. షాపావిడ చూసి, ఎవరు పట్టారు సార్ కెమెరా అని అడిగింది.

సామాను సర్దుతూ అతను అసలు సంగతి చెప్పాడు. వచ్చే నెల పెళ్లాం వాళ్ల ఊరు వెళ్లిపోతున్నాడట. బావమరిదికి ఇనుప సామాన్ల కొట్టుంది, అందులో చేరతాడట. మోకాళ్లు ఇక నిలబడే పనికి ఒప్పుకోవడం లేదట. ఫోన్‌లోనే చెప్పాల్సింది, ఎలాగో అనిపించి ఊరుకున్నాను అన్నాడు. మంచిదే కదా, కూర్చుని చేసే పని అన్నాడు పైనాయన. మరో రెండు ఆదివారాలు వచ్చాడు. మూడోసారి రైలెక్కుతూ ఫోన్ చేశాడు, స్టేషన్ రొదలో ఏం చెప్పాడో సగం వినపడలేదు.

ఆ వీడియోల్లో బాగున్నది ఒకటి కూతురికి పంపాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. బాగుంది నాన్నా, మందులు వేసుకుంటున్నారా అని.

తరవాత గురువారాలు ఒక్కడే వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. చక్రాల బండి ఒకటి సంపాదించి పెట్టెను దానిమీద లాక్కెళ్లేవాడు. ఒకరోజు గోదాముల అవతల ఇళ్ల వరస మీద ఎండ పడుతుంటే తీస్తున్నాడు. ఒక డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ తలెత్తి చూసింది. చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, బకెట్ అలాగే వదిలేసి గబగబా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆయనకు చివుక్కుమంది. క్రేన్‌లో ఉన్నప్పుడు అంతకంటే దగ్గరగా ఎందరి డాబాలో కనిపించేవి. ఎవరూ లోపలికి పోలేదు. పైన అద్దాల గదిలో ఒక మనిషున్నాడని అందరికీ తెలుసు. ఇప్పుడు పైన మనిషి లేడు, ఒక కన్ను మాత్రమే ఉంది. వెంటనే డ్రోన్‌ని వెనక్కి రప్పించి, ఆ కాస్త వీడియో చెరిపేశాడు.

ఆ తరవాత మళ్లీ ఇళ్లవైపు పోనివ్వలేదు. గోదాముల మీద, రోడ్ల మీద, భవనం వైపు మాత్రమే తిప్పుతాడు. బీరువా అడుగున ఉన్న పాత పని కోటు, నారింజ రంగుది, తీసి ఉతికి వేసుకున్నాడు. ఎగరేసేటప్పుడు ఇప్పుడు గోడ నీడన నిలబడడు, మైదానం నడిమధ్యన నిలబడతాడు. డ్రోన్‌ని చూసి ఎవరైనా ఇదెవరిదా అని వెతికితే, తను కనిపించాలని.